తెర మీది తుపాకీని గుర్తుపట్టడం: మేనల్లుడికి ఒక లేఖ

చి. మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సాహస చిత్రాల్లో కనిపించే తుపాకులను గుర్తుపట్టి రాసిపెట్టాలన్న నీ పట్టుదల నాకు సంతోషం కలిగించింది. నువ్వు పంపిన మొదటి జాబితా పూర్తిగా చదివాను. అందులో తప్పులన్నీ ఒకే చోట పుట్టాయి: కథ చెప్పిన పేరును నమ్మావు, తెర మీది వస్తువును చూడలేదు. జర్మన్ సైనికుడు పట్టుకున్నాడు కాబట్టి జర్మన్ తుపాకీ అని రాసేశావు. ఇక నుంచి ఒక్కో తుపాకీకి రెండు గడులు పెట్టుకో. కథలో అది ఏ తుపాకీగా చలామణి అవుతోందో ఒకదాంట్లో, నిజానికి అది ఏ తుపాకీయో రెండోదాంట్లో రాయి. రెండో గడి నిండాలంటే ఇనుములోనో కర్రలోనో సాక్ష్యం కనబడాలి.

రెండు సంవత్సరాలు కూడా పక్కన రాసుకో: కథ జరిగిన ఏడు, సినిమా తీసిన ఏడు. తీసిన ఏటి తర్వాత పుట్టిన తుపాకీ అందులో ఉండే వీల్లేదు, కాబట్టి దాన్ని జాబితాలోంచి నిర్భయంగా కొట్టెయ్యి. కథ జరిగిన ఏటికి ఆ బలం లేదు. 1981లో వచ్చిన 'రైడర్స్ ఆఫ్ ది లాస్ట్ ఆర్క్' కథ 1936లో నడుస్తుంది, అయినా జర్మన్ సైనికుల చేతుల్లో 1940 నాటి ఎంపీ40 అనే జర్మన్ సబ్‌మెషిన్ గన్‌లున్నాయి. "అప్పటికి అది లేదు, కాబట్టి ఇది అది కాదు" అనే వాదం సినిమా తుపాకుల దగ్గర చెల్లదు.

ఫ్రేములు తీసే పద్ధతి మార్చుకో. దొరికినంత మంచి ప్రతి తీసుకుని ఒకసారి ఆపకుండా చూస్తూ, తుపాకీ కనిపించిన ప్రతిచోటా సమయం రాసుకో. రెండోసారి ఆ చోట్లకే వెళ్లి ఒక్కొక్క ఫ్రేమునే జరుపు. సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి. చెయ్యి ఊపినంతసేపూ బొమ్మ మసగ్గా ఉన్నా, కదలిక ఆగే చోట ఒకటో రెండో స్పష్టమైనవి దొరుకుతాయి. కుడివైపు, ఎడమవైపు, గొట్టం మూతి ఎదురుగా, పేలుతున్న క్షణం, ఈ నాలుగూ కావాలి. వెలుతురు కాస్త పెంచుకోవచ్చు గానీ బొమ్మకు పదును పెట్టే యాప్‌ల జోలికి పోవద్దు. అవి లేని స్క్రూలనూ లేని అక్షరాలనూ కల్పిస్తాయి. నీ జాబితాలో మూడో తుపాకీ మీద నువ్వు చదివిన "ముద్ర" అలా పుట్టిందే అనుకుంటున్నాను. కొన్ని షాట్లను ఎడిటింగ్‌లో అద్దంలోలా తిరగేస్తారు. తూటా ఎక్కించేందుకు చేత్తో లాగే బోల్టు పిడి ఎడమవైపు కనిపిస్తే ఎడమచేతి వాటం రైఫిల్ అనుకునే ముందు నటుడి చొక్కా గుండీలు, గోడ మీది రాతలు చూడు.

ఒక తుపాకీ బదులు మరొకటి ఎందుకు వాడతారో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. సినిమాలో పేల్చేది బ్లాంక్ తూటా. అందులో మందు ఉంటుంది, గుండు ఉండదు. గుండు లేకపోతే పిస్టల్ స్లైడును (పైన ముందుకూ వెనక్కూ జరిగే ఉక్కు తొడుగును) వెనక్కి తోసే ఒత్తిడి పుట్టదు. అందుకే గొట్టంలోపల చిన్న రంధ్రమున్న బిరడా బిగిస్తారు, అవసరమైతే లోపలి లాకింగ్ భాగాలు అరగదీస్తారు. పాయింట్ 45 అంగుళాల బ్లాంకులతో అమెరికా సైన్యపు పిస్టల్ ఎం1911ను నమ్మకంగా ఆడించడం చాలాకాలం కష్టమైంది. ఆ కాలపు చిత్రాల్లో ఎం1911 వేషం తరచుగా స్పెయిన్‌లో చేసిన 9 మి.మీ. స్టార్ మోడల్ బి వేసింది. దూరం నుంచి రెండూ కవలలే. దగ్గరి షాటులో పిడి వెనక, బొటనవేలి సందులో నొక్కుకునే గ్రిప్ సేఫ్టీ కోసం వెతుకు. అది ఎం1911కు ఉంటుంది, స్టార్‌కు ఉండదు. స్టార్ స్లైడుకు కుడివైపున, ఖాళీ తొడుగును బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ పట్టీ బయటికే కనిపిస్తుంది, ఎం1911లో అది లోపల దాగి ఉంటుంది. నువ్వు ఎం1911 అని రాసిన వాటన్నిటినీ ఈ రెండు చోట్లా మళ్లీ పరీక్షించు.

రివాల్వర్‌కు ఈ బాధ లేదు. దాని సిలిండరును తిప్పేది వేలి బలమే, మందు ఒత్తిడి కాదు. కాబట్టి అసలు రివాల్వరే తెరకెక్కే అవకాశం ఎక్కువ, చిన్న వివరాలు చూసినందుకు ఫలితమూ ఉంటుంది. సిలిండరు పక్కకు తెరుచుకునే రకాల్లో కోల్ట్, స్మిత్ అండ్ వెస్సన్‌లను విడదీయడం నేర్చుకో. పేల్చేవాడి వైపు నుంచి చూస్తే కోల్ట్ సిలిండరు గడియారం ముల్లు తిరిగే దిక్కుకూ, స్మిత్‌ది దానికి ఎదురు దిక్కుకూ తిరుగుతాయి. వెనకనున్న సుత్తిని (హ్యామర్) లాగే షాటును ఫ్రేము ఫ్రేముగా జరిపితే ఇది తెలిసిపోతుంది. సిలిండరు తెరిచేటప్పుడు బొటనవేలు గడియను వెనక్కి లాగితే కోల్ట్, ముందుకు తోస్తే స్మిత్. గొట్టం, సిలిండరు కలిసి నడుం దగ్గర విరిగినట్టు ముందుకు వంగితే అది బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతి. సిలిండరును ఎదురుగా చూపించే షాటు దొరికితే అదృష్టమే: గదుల్లో గుండు ముక్కులు కనిపిస్తే డమ్మీ తూటాలు, నక్షత్రంలా మడిచిన మూతులు కనిపిస్తే బ్లాంకులు.

పశ్చిమ అమెరికా కథల్లో ట్రిగ్గర్ కింది పిడిని ఆడించి తూటా ఎక్కించే లీవర్ రైఫిల్ కనపడగానే అందరూ వించెస్టర్ 1873 అని రాస్తారు. చాలాసార్లు అది 1892 నమూనా. 1873కు రిసీవర్ (బోల్టూ ట్రిగ్గరూ ఇమిడే నడిమి ఉక్కు భాగం) పక్కన విడిగా బిగించిన పలక అంచు తెలుస్తుంది, పైన జరిగే దుమ్ము మూత ఉంటుంది. 1892 పక్కలు నున్నగా ఉంటాయి. దీనికీ బ్లాంకే కారణం: "ఫైవ్ ఇన్ వన్" అనే ఒకే రకం బ్లాంకు పాయింట్ 38-40, పాయింట్ 44-40 రైఫిళ్లలోనూ, ఆ రెంటితోపాటు పాయింట్ 45 కోల్ట్ రివాల్వర్లలోనూ పేలుతుంది. ఒకే పెట్టెతో షూటింగ్ అంతా నడుస్తుంది. 1892 మీద ముందు కర్ర పీకేసి 1860 నాటి హెన్రీ రైఫిల్‌గా చూపించడం కూడా పాత అలవాటే. చెకుముకి తుపాకులదీ ఇదే తంతు. పాత చిత్రాల్లో 1873 స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ రైఫిళ్లకు ఉత్తుత్తి చెకుముకి సుత్తి తగిలించి వాడారు. నిజమైన చెకుముకి తుపాకీలో ముందు పక్కనున్న పళ్లెంలో మంట లేస్తుంది, తర్వాత మూతి దగ్గర. పళ్లెంలో మంట లేకుండా పేలితే అనుమానించు.

బోల్టు రైఫిళ్లలో మ్యాగజైన్ (తూటాల పెట్టె), మూతి ఈ రెండూ చాలు. జర్మన్ మౌజర్ 98కు కిందికి ఏమీ పొడుచుకు రాదు, లోపలే 5 తూటాలు. రష్యా మోసిన్‌కు ట్రిగ్గర్ కాపు ముందు చిన్న పెట్టె కనిపిస్తుంది. బ్రిటిష్ లీ ఎన్‌ఫీల్డ్‌కు 10 తూటాల పెట్టె. ఎన్‌ఫీల్డ్ అని తేలాక మూతి చూడు: చివరిదాకా కర్ర, మొండిముక్కు లాంటి ఉక్కు టోపీ ఉంటే 1907 నాటి ఎస్ఎంఎల్ఈ అనే పొట్టి ఎన్‌ఫీల్డ్, గొట్టం కొంత బయటికి వచ్చి, వెనక సైటు కంటికి దగ్గరగా ఉంటే రెండో ప్రపంచయుద్ధపు నంబర్ 4. ఎస్ఎంఎల్ఈ ఒళ్లే ఉండి మ్యాగజైన్ మాత్రం నలుచదరంగా కనిపిస్తే 1960ల్లో 7.62 మి.మీ. తూటాకు మన దేశంలో చేసిన ఇషాపూర్ 2ఏ1 కావచ్చు.

అమెరికా సబ్‌మెషిన్ గన్ థాంప్సన్‌లో, పేల్చడానికి సిద్ధం చేసే కాకింగ్ పిడి రిసీవర్ పైనుంటే 1921 లేదా 1928 వంశం, కుడిపక్కన ఉంటే ఎం1 లేదా ఎం1ఏ1. ఈ రెండోవాటికి గుండ్రటి డ్రమ్ము మ్యాగజైన్ పట్టదు. ఎంపీ38 గొట్టపు రిసీవర్ మీద పొడవునా గాళ్లుంటాయి, ఎంపీ40ది నున్నన. కలష్నికోవ్‌లలో ఫ్రంట్ సైట్ చుట్టూ పూర్తి వలయం ఉంటే చైనా టైప్ 56, పైన తెరిచి ఉంటే సోవియట్ ఏకేఎం వైపు ఆలోచించు.

అసలు తుపాకీయే కాకపోవచ్చు కూడా. పడే, కొట్టుకునే సన్నివేశాల్లో రబ్బరు నకళ్లు పట్టుకుంటారు. నేలకు తగిలినప్పుడు గొట్టం వణుకుతుంది, భాగాల మధ్య సందులు కనిపించవు. ఎయిర్‌సాఫ్ట్ అయితే పెద్ద మూతిలో 6 మి.మీ. సన్న గొట్టం కనిపిస్తుంది. ఒకే పోరాటంలో ఇవన్నీ మారిమారి వస్తాయి కాబట్టి షాటు మారిన ప్రతిసారీ మొదటినుంచి చూడు. మంట కంప్యూటరులో అద్దినదైతే ముఖం మీదా గోడ మీదా వెలుగు పడదు, స్లైడు కదలదు, ఖాళీ తొడుగు ఎగరదు. ఒక్క జాగ్రత్త: నిజమైన మంట సెకనులో కొన్ని వేయో వంతులే ఉంటుంది, షట్టరు మూసిన క్షణంలో వస్తే ఫ్రేములో పడదు. మంట లేదని వెంటనే నకిలీ అనకు. శబ్దాన్ని మాత్రం అస్సలు లెక్కలోకి తీసుకోవద్దు, అది తర్వాత కలిపినది.

నీ జాబితాలో 7, 11 సంఖ్యల దగ్గర నమూనా దాకా పేరు పెట్టావు. ఆ ఫ్రేముల్లో అంత సమాచారం లేదు. "స్మిత్ అండ్ వెస్సన్ పెద్ద ఫ్రేము రివాల్వర్, నమూనా తేలలేదు" అని రాయి, ఏ భాగం చూసి అంతవరకు తేల్చావో పక్కన రాయి. 11కు గొట్టం పొడవు అంగుళాల్లో వేసే ముందు అదే ఫ్రేములో సిలిండరు పొడవుతో నిష్పత్తి కట్టు, తుపాకీ కెమెరాకు అడ్డంగా ఉన్న ఫ్రేమే తీసుకో. కాస్త వాలిగా ఉన్నా గొట్టం కురచగా కనిపిస్తుంది. ఆ రెంటికీ కొత్త ఫ్రేములు తీసి పంపు, ముఖ్యంగా 7లో సిలిండరు తెరిచే చోట.

ఆశీస్సులతో,
మావయ్య