అమెరికాలో మెడికల్ ఎగ్జామినర్ పోస్టుమార్టం చేస్తామంటే వద్దనొచ్చా?

ముందు మీరు అడిగినదానికి సూటిగా చెప్తాను. వద్దనడం దాదాపు కుదరదు. కుదిరే అవకాశం ఉన్నా వద్దనకండి అని చేతులు జోడించి చెప్తున్నాను, ఎందుకో కింద రాశాను, కాస్త పొడవైనా ఓపికగా చదవండి.

టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న మీ మేనల్లుడు రాత్రి పడుకుని తెల్లారి లేవలేదని, రూమ్మేట్లు 911కి ఫోన్ చేశారని, బాడీని మెడికల్ ఎగ్జామినర్ (చావుకి కారణం తేల్చే ప్రభుత్వ డాక్టరు) ఆఫీసుకి తీసుకెళ్లారని రాశారు. మీ అక్కగారు కోయడానికి వీల్లేదని ఏడుస్తున్నారని, ఆపడానికి దారి ఉందా, బాడీ ఎప్పుడిస్తారు అని అడిగారు. 2017లో మా పిన్ని కొడుకు విషయంలో అచ్చం ఇదే జరిగింది. వాడికి 29 ఏళ్ళు, ఉద్యోగం చేసుకుంటున్నాడు, నేనుండే చోటు నుంచి 40 నిమిషాల దూరంలో అపార్ట్‌మెంట్. సోమవారం పొద్దున ఆఫీసు మీటింగ్‌కి రాలేదని కొలీగ్ వెళ్లి తలుపు కొట్టాడు.

నేను వెళ్లేసరికి పోలీసులు ఉన్నారు, నన్ను లోపలికి రానివ్వలేదు. కాసేపటికి యాభై ఏళ్ళావిడ, చేతిలో కెమెరా, చిన్న పెట్టె పట్టుకుని వచ్చింది. ఆవిడ పోలీసు కాదు, డాక్టరూ కాదు, మెడికల్ ఎగ్జామినర్ ఆఫీసు ఇన్వెస్టిగేటర్. చావు ఎలా జరిగిందో తేల్చడానికి అక్కడికక్కడ ఆధారాలు చూసేది వీళ్ళే. గది ఫోటోలు తీసింది, ఒళ్ళు ఎంత బిగుసుకుందో, ఎంత చల్లబడిందో చూసింది, టేబుల్ మీదున్న మాత్రల సీసాలో ఎన్ని మిగిలాయో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తర్వాత నన్ను పిలిచి తెలుగు లేబుల్ ఉన్న డబ్బా చూపించి ఇదేంటని అడిగింది. మా పిన్ని పంపిన లేహ్యం. నేను లేబుల్ మీద ఉన్నవన్నీ చదివి చెప్తుంటే ఆవిడ రాసుకుంది. అప్పుడు నాకు చిరాకేసింది, మనిషి పోయి మేం ఏడుస్తుంటే ఈ లేహ్యం గొడవేంటి అని. తర్వాత తెలిసింది, కొన్ని నాటు మందుల్లో సీసం లాంటివి ఉంటాయి కాబట్టి ఆ ప్రశ్న అడగాల్సిందే అని.

ఆవిడ అడిగినవాటిలో రెండు ప్రశ్నలు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. ఎప్పుడైనా కళ్ళు తిరిగి పడిపోయాడా? ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా? మొదటిది నాకు తెలియదు. రెండోదానికి మాత్రం, మా బాబాయి వాళ్ళ అన్న 38 ఏళ్ళకి పొలంలో కూలబడిపోయారని చెప్పాను. పాము కరిచిందన్నారు, గాలి తగిలిందన్నారు, సాయంత్రానికల్లా దహనం చేసేశారు. ఆవిడ రాయడం ఆపి మళ్ళీ అడిగింది, తండ్రి వైపా తల్లి వైపా అని.

ఇక ఇండియాలో పరిస్థితి మీరు ఊహించుకోగలరు. బాబాయి ఫోన్‌లో ఒకటే మాట, "నా బిడ్డని కోయొద్దని చెప్పరా." ఆయన భయం ఊరికే రాలేదు. ఊళ్ళో పురుగుల మందు తాగి చనిపోయిన కుర్రాడికి పోస్టుమార్టం చేశాక గోనెసంచి కుట్టినట్టు కుట్టి అప్పగిస్తే, ఆ తల్లి చూసి పడిపోవడం ఆయన కళ్ళారా చూశారు. మా నాన్న వీఆర్వోగా చేసిన మనిషి, శవ పంచనామాల్లో కూర్చున్నవాడు, ఆయనకి వేరే సందేహం. మన దగ్గర విచారణ పోలీసుది. ఎస్సై వచ్చి పంచుల సంతకాలతో పంచనామా రాసి శవాన్ని గవర్నమెంట్ ఆసుపత్రికి పంపిస్తాడు, డాక్టరు కోసి రిపోర్టు ఇస్తాడు. అప్పట్లో అది సీఆర్‌పీసీ అనే చట్టంలో 174వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని చోట వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 194. మరి అక్కడ డాక్టరు ఆఫీసే సొంతంగా విచారణ చేస్తుందా అని అడిగారు. అవును, తేడా అదే. నేరం సంగతి పోలీసులు చూసుకుంటారు, చావుకి కారణం మాత్రం ఈ ఆఫీసు తేలుస్తుంది.

అమెరికా అంతా ఒకే పద్ధతి అనుకోకండి. మసాచుసెట్స్ 1877లోనే పాత కరోనర్ (చావుల మీద విచారణ చేసే అధికారి) పద్ధతి తీసేసి డాక్టర్లని పెట్టింది, న్యూయార్క్ సిటీ 1918లో మార్చింది, చాలా చోట్ల మాత్రం ఈనాటికీ ఎన్నికల్లో గెలిచిన కరోనరే ఉంటాడు, డాక్టరై ఉండాలని రూలు కూడా లేదు. కాలిఫోర్నియాలో చాలా కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) అక్కడి పోలీసు పెద్ద షెరిఫే కరోనర్. టెక్సాస్‌లో పెద్ద కౌంటీలకి మెడికల్ ఎగ్జామినర్ ఉంటాడు, చిన్న కౌంటీల్లో జస్టిస్ ఆఫ్ ద పీస్ అనే జడ్జి ఆర్డరేసి బాడీని పక్కనున్న పెద్ద కౌంటీకి పంపిస్తాడు. అందుకే ఫలానా స్నేహితుడి కేసులో ఇలా జరిగిందట అని వాట్సాప్‌లో వచ్చే సలహాలు నమ్మకండి, మీ వాడు ఏ కౌంటీలో పోయాడో ఆ కౌంటీ ఆఫీసు చెప్పిందే లెక్క.

ఏ జబ్బూ లేని కుర్రాడు ఒంటరిగా నిద్రలో పోయాడంటే చట్టం ప్రకారం వాళ్ళు చూసి తీరాలి, ఇంట్లోవాళ్ళ ఒప్పుకోలుతో పని లేదు. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో మతం కారణంగా అభ్యంతరం చెప్పుకునే వీలు చట్టంలో ఉంది కానీ, నేరం అనుమానం ఉంటే అక్కడా చెల్లదు. కొన్ని కేసుల్లో కోయకుండా పైపైన పరీక్ష, రక్తం శాంపిల్స్‌తో సరిపెడతారు, అది డాక్టరు నిర్ణయం. మీ అభ్యంతరం ఇన్వెస్టిగేటర్‌కి మర్యాదగా చెప్పొచ్చు, రాసుకుంటారు. లాయర్‌ని పెట్టి ఆపాలని మాత్రం చూడకండి, రోజులు పోతాయి.

మీ అక్కగారికి ఈ మాట చెప్పండి. ఛాతీ మీద కోత పెడతారు, తల దగ్గర చెవి నుంచి చెవికి వెనక వైపు కోస్తారు, అంతా అయ్యాక కుట్టేస్తారు. బట్టలు వేశాక ఏమీ కనపడదు, మొహం మొహంలాగే ఉంటుంది. ఫ్యూనరల్ హోమ్‌లో, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థలో, మా వాడికి పంచె కట్టింది నేనే కాబట్టి చెప్తున్నాను. ఇంకో సంగతి, వీపు మీద, తొడల వెనక కమిలినట్టు ఊదారంగు కనిపిస్తుంది, ఎవరో కొట్టారని బంధువులు అనుమానపడతారు, మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. గుండె ఆగాక రక్తం కిందికి దిగి పేరుకుంటే వచ్చే రంగు అది. వెల్లకిలా పడుకున్నవాడికి వీపునే వస్తుంది. ఒళ్ళు మంచానికి ఆనిన చోట మాత్రం తెల్లగా ఉంటుంది. ఇది ముందే చెప్పి ఉంచితే, అక్కడ శంషాబాద్‌లో పెట్టె దిగాక ఇంట్లో కొత్త గొడవ మొదలవదు.

మాకు పరీక్ష మర్నాడే అయిపోయింది, రెండో రోజుకి బాడీ ఇచ్చేస్తామన్నారు. ఆలస్యం చేసింది మేమే, ఎందుకంటే ఆ ఆఫీసు బాడీని స్నేహితులకో అన్నదమ్ములకో ఇవ్వదు, ఫ్యూనరల్ హోమ్‌కే ఇస్తుంది. ఆ ఫ్యూనరల్ హోమ్‌కి అనుమతి ఇవ్వాల్సింది చట్టప్రకారం దగ్గరివాళ్ళు, పెళ్ళైతే భార్య, పిల్లల్లేని బ్రహ్మచారికి తల్లిదండ్రులు. నేను పిన్ని కొడుకుకి అన్నని అంటే అక్కడ అది చెల్లలేదు, బాబాయి సంతకం ఈమెయిల్లో వచ్చేసరికి టైం తేడా వల్లే ఒక రోజు పోయింది. మీరు ఈ పని ఇవాళే చేయండి. ఇండియాకి పంపించిన అనుభవం ఉన్న ఫ్యూనరల్ హోమ్‌ని చూసుకోండి, ఎంబామింగ్ (బాడీ పాడవకుండా మందులు పట్టించడం) సర్టిఫికెట్, అంటువ్యాధి లేదనే లెటర్, హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ రద్దు, ఎన్‌ఓసీ, ఎయిర్‌లైన్ కార్గో బుకింగ్, ఇవన్నీ వాళ్ళకి అలవాటు. ఇక్కడే దహనం చేయాలనుకుంటే టెక్సాస్‌లో చనిపోయాక 48 గంటలు ఆగాలి, మెడికల్ ఎగ్జామినర్ ఉన్న కౌంటీలో వాళ్ళ పర్మిట్ కూడా కావాలి, బూడిదైపోయాక పరీక్షించడానికి ఏమీ మిగలదు కదా.

మూడో రోజు రాత్రి పిన్ని ఫోన్ చేసి మెల్లగా అడిగింది, "నాన్నా, వాడి మొలతాడు ఉందా, కోసేశారా?" ఏం చెప్పాలో తెలియలేదు నాకు. పొద్దున్నే ఆ ఆఫీసుకి ఫోన్ చేసి కేసు నంబరు చెప్పి, నడుముకి నల్ల దారం ఉండాలి అది ఏమైంది అని అడిగాను. అవతల ఉన్న అమ్మాయి లైన్లోనే ఉండమని జాబితా తీసి చదివింది. వాచీ, ఫోను, నల్ల దారం 1, అన్నీ కవర్లో పెట్టి సీల్ వేశాం అంది. ఇది ఎందుకు ముఖ్యమో ఆ అమ్మాయి అడగలేదు. దాన్ని తిరిగి నేనే కట్టాను. మీ అక్కగారికి ఇలాంటివి మనసులో ఉంటే, జంధ్యం కానీ, ఉంగరం కానీ, తాయెత్తు కానీ, మొహమాటపడకుండా అడిగించండి, ప్రతి వస్తువూ రాసి ఉంటుంది.

డెత్ సర్టిఫికెట్‌లో కారణం దగ్గర "పెండింగ్" అని వస్తుంది, కంగారు పడొద్దు. బాడీ పంపడానికి దాంతో పని జరిగిపోతుంది. టాక్సికాలజీకి, అంటే ఒంట్లో విషాలు, మందులు ఉన్నాయేమో చూసే పరీక్షకి, అవయవాల ముక్కలు మైక్రోస్కోపులో చూడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది, మాకు పది వారాలు పట్టింది. ఇన్సూరెన్స్ వాళ్ళు ఫైనల్ సర్టిఫికెట్ అడుగుతారు, అందాకా ఆగాల్సిందే. అందులో రెండు సంగతులుంటాయి. ఒకటి చావుకి కారణం, అంటే ఒంట్లో ఏం జరిగింది అని. రెండోది చావు ఏ రకం అని. సహజం, ప్రమాదం, ఆత్మహత్య, మరొకరి చేతిలో, తేల్చలేనిది, ఈ అయిదింట్లో ఒకటి రాస్తారు. అయిదోది రాశారంటే ఏదో దాస్తున్నారని కాదు, ఆధారాలు అటూ ఇటూ సరిపోలేదని.

మా వాడి రిపోర్టు వచ్చాక ఆ డాక్టరే ఫోన్‌లో మాట్లాడింది, నేను తెలుగులో చెప్తుంటే ఇండియాలో పిన్నీ బాబాయీ స్పీకర్లో విన్నారు. గుండె బరువు 560 గ్రాములు ఉంది, వాడి ఒళ్ళుకి 350 లోపు ఉండాలి. గుండె గోడ మందంగా పెరిగిపోయే జబ్బు, హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి. దాదాపు ప్రతి 500 మందిలో ఒకరికి ఉంటుందట, చాలామందికి తెలియను కూడా తెలియదు. విషం లేదు, మందులు లేవు, దెబ్బలు లేవు. ఆవిడ ఆ తర్వాత అన్న మాట నేను మక్కీకి మక్కీగా బాబాయికి చెప్పాను: ఇది వంశంలో వస్తుంది, తోడబుట్టినవాళ్ళు ఉంటే వెంటనే గుండెకి ఎకో తీయించండి.

తమ్ముడు ఉన్నాడు. గుంటూరులో డిగ్రీ చదువుతూ రోజూ సాయంత్రం కబడ్డీ ఆడేవాడు. విజయవాడలో ఎకో తీయిస్తే వాడికీ అదే జబ్బు, బాబాయికి కూడా కొంచెం మందంగానే ఉందన్నారు. పొలంలో కూలబడిన పెద్దాయన ఎందుకు పోయారో కూడా మాకు అప్పుడే అర్థమైంది. తమ్ముడు కబడ్డీ మానేశాడు, రోజూ మాత్ర వేసుకుంటాడు, ఏటా ఎకోకి వెళ్తాడు. పెళ్ళైంది, పాప పుట్టింది, పాపని కూడా వయసుని బట్టి చూపిస్తుండమని డాక్టరు చెప్పారు. ఆ రోజు నేను బాబాయి మాట విని, ఎలాగో ఆపించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

అందుకే అడుగుతున్నాను, మీ అక్కాబావగార్లకి ఇంకా పిల్లలున్నారా? ఉంటే ఇన్వెస్టిగేటర్‌కి ఆ సంగతి తప్పకుండా చెప్పండి, రెండు వైపులా చిన్న వయసులో పోయినవాళ్ళు ఎవరైనా ఉంటే అదీ చెప్పండి. కుర్రాడు జిమ్ పౌడర్లు వాడేవాడా, నిద్ర మాత్రలు వేసుకునేవాడా, మనసు బాగోలేదా, రూమ్మేట్లకి తెలిసింది దాచొద్దని చెప్పండి, పరువు పోతుందని దాస్తే డాక్టరు ఎక్కడ వెతకాలో తెలియక రిపోర్టు ఇంకా ఆలస్యమవుతుంది. కేసు నంబరు, ఇన్వెస్టిగేటర్ పేరు తీసుకుని ఇంటి నుంచి ఒక్కరే మాట్లాడండి, పదిమంది చేస్తే పదిసార్లు మొదటికొస్తుంది. టెక్సాస్‌లో రిపోర్టు కాపీ అడిగి తీసుకోవచ్చు, వచ్చాక ఇండియాలో గుండె డాక్టరుకి చూపించండి. ఫోన్‌లో తర్జుమా చేయడానికి మనిషి కావాలంటే నేను చేస్తాను, ఇక్కడ టైం ఎంతైనా పర్లేదు, మెసేజ్ పెట్టండి.