పోటీ అయిపోయాక ఆ కాగితం ఏమవుతుంది?

ఎనిమిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి మూడేళ్లుగా వ్యాసరచన పోటీలకు వెళ్తోందనీ, ఒక్క బహుమతీ రాలేదనీ రాశారు. ఈ పోటీల వల్ల పిల్లలకు నిజంగా రాయడం అబ్బుతుందా, బట్టీ పట్టడమే అలవాటవుతుందా అని అడిగారు. రెండూ జరుగుతాయండీ. నాకు ముందు బట్టీ వచ్చింది, రాయడం చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ రెండో దానికి కారణం పోటీ కాదు, పోటీ అయిపోయాక నా కాగితం మళ్లీ నా చేతికి రావడం.

మాది అప్పటి ప్రకాశం జిల్లా కనిగిరి దగ్గర పల్లెటూరు. 1996లో నేనూ ఎనిమిదో తరగతే. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదా, ఆ సంవత్సరం మా శాఖా గ్రంథాలయంలో పెట్టిన పోటీకి వెలిగొండ ప్రాజెక్టును అంశంగా ఇచ్చారు. దానికి శంకుస్థాపన జరిగింది ఆ ఏడాదే. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా వరద నీటిని నల్లమల కింద సొరంగాలు తవ్వి మా మెట్ట ప్రాంతాలకు తీసుకురావాలన్నది పథకం. మా మాస్టారు ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అని మూడు భాగాలు చేసి రాసిచ్చారు. రాత్రి పొద్దుపోయే దాకా వల్లె వేశాను. మర్నాడు వరండాలో నేల మీద కూర్చుని, అట్ట ఒళ్లో పెట్టుకుని, టీఎంసీలూ ఎకరాలూ ఒక్క అంకె తప్పకుండా నాలుగు పేజీలు దించేశాను.

నాకేమీ రాలేదు. మొదటి బహుమతి వచ్చిన అమ్మాయి రాసింది పేజీన్నరే అని తెలిసి ఉక్రోషం పట్టలేక గ్రంథాలయాధికారి గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను కసురుకోలేదు. బీరువాలోని కట్ట విప్పి ఆ అమ్మాయి కాగితమూ నాదీ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి, చదువుకోమన్నారు. ఆ అమ్మాయి మొదటి వాక్యాలు ఇప్పటికీ నోటికి వస్తాయి: "మా ఊరి బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదు. అందుకని పప్పు వండే రోజున నేను చెరువు కట్ట పక్కనున్న బావికి రెండోసారి వెళ్లాలి." ఆ తర్వాత ఎన్ని బిందెలు, ఎంత దూరం, ఆ రోజు బడికి ఎంత ఆలస్యమవుతుంది అన్నీ రాసింది. వెలిగొండ పేరు చివర్లో ఒక్కసారే వచ్చింది. మా ఇంట్లోనూ అవే నీళ్లు, మా అమ్మా పప్పుకు వేరే నీళ్లు తెప్పించేది. నా నాలుగు పేజీల్లో లక్షల ఎకరాలు తడిశాయి గానీ మా వంటింటి ఊసే లేదు.

మర్నాటి నుంచి బాగా రాసేశానని చెబితే అబద్ధం. తొమ్మిదో తరగతిలో మా తాతయ్య గురించి రాశాను. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆయన మోకాళ్లు వంగిపోయాయి. పేజీకి నాలుగుసార్లు కన్నీళ్లు పెట్టించాను. ఈసారి కాగితం నేనే అడిగి తీసుకున్నాను. మార్జిన్‌లో ఎర్ర సిరాతో ఒక మాట ఉంది: "ఏడుపు వినిపించింది. తాత కనిపించలేదు." అప్పుడు బాధపడ్డాను. కానీ అంత దయగల మాట నా రాత గురించి అంతకుముందు ఎవరూ చెప్పలేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ వేసవంతా తాతయ్యను చూస్తూ కూర్చున్నాను. మంచం మీద నుంచి లేవాలంటే ముందు చేతికర్రను రెండు మంచం కోళ్ల మధ్య నేలకు ఆనించేవాడు. ఎడమ చెయ్యి నా భుజం మీద వేసేవాడు. మొదటిసారి లేచేవాడు కాదు, లేవలేనని ఆయనకూ తెలుసు. రెండోసారి ఊపిరి బిగబట్టి లేచేవాడు. పదో తరగతిలో తాగునీటి మీద వ్యాసం వచ్చినప్పుడు అది రాసి, దాని కింద లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్న లెక్క రాశాను. అంకెకూ మనిషికీ అప్పుడు చుట్టరికం కుదిరింది. రెండో బహుమతిగా స్టీలు గిన్నె ఇచ్చారు. తాతయ్య చివరి దాకా అందులోనే మజ్జిగ తాగాడు.

ఇప్పుడు నెల్లూరులో తెలుగు ఉపాధ్యాయురాలిని. మండల స్థాయి పోటీల్లో పత్రాలు దిద్దుతుంటాను కాబట్టి ఒక విషయం చెప్పగలను. ఒక్క మధ్యాహ్నంలో అరవై, డెబ్భై కాగితాలు చూడాలి. చాలావాటికి మొదటి పేరా ఒకటే, ఎందుకంటే అందరూ చదివిన గైడు ఒకటే. అలసిపోయిన చేయి గుండ్రటి దస్తూరీకి ఒక మార్కు ఎక్కువ వేసేస్తుంది. నేనూ వేశాను, అది తప్పని తెలిసే వేశాను. అందుచేత బహుమతి రాకపోవడాన్ని మీ అమ్మాయి రాతకు కొలతగా తీసుకోకండి.

మీరు చేయగలిగింది ఒకటుంది. పోటీ పెట్టినవారిని మర్యాదగా అడిగి కాగితం వెనక్కి తెచ్చుకోండి. మొదటి బహుమతి వ్యాసం చూపించమని కూడా అడగండి. మొహమాటపడవద్దు, చాలామంది సంతోషంగానే ఇస్తారు. ఇవ్వకపోతే అదే రాత్రి ఆమెకు గుర్తున్నంత వరకు మళ్లీ రాయమనండి. బట్టీ పట్టిన వాక్యాలేవో, తన వాక్యాలేవో చదువుతుంటే ఆమెకే తెలిసిపోతుంది. మీరు మాత్రం ఎర్ర పెన్ను పట్టుకోకండి. తప్పులు దిద్దడానికి బడిలో మేమున్నాం. మీరు పక్కన కూర్చుని, "ఆ రోజు ఏం జరిగింది? ఎవరు అన్నారు? అప్పుడు నువ్వెక్కడున్నావు?" అని అడగండి చాలు.

ఆమె ఈ మధ్య రాసినదేదైనా మీ దగ్గర ఉంటే, అక్షర దోషాలు సవరించకుండా ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి. తీరిగ్గా చదివి ఆమెకే జవాబు రాస్తాను.