మందులు బీరువాలో దాచుకోమన్నది ఎవరు?

ఉత్తరం (పొడుగైనది, ఇక్కడ కొంతే ఇస్తున్నాం): నా వయసు 36. ఈ ఏడాది మొదట్లో వేళ్ల కీళ్లు వాచాయి. పొద్దున లేస్తే గుప్పిట ముడుచుకునేది కాదు. నాలుగు నెలలు డాక్టర్ల చుట్టూ తిరిగాక రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బని తేల్చారు. పదకొండేళ్లు చేసిన ఉద్యోగం జూలైలో వదిలేశాను. ఇప్పుడు ఇంటి నుంచే ఒక పూట పని. జీతం మునుపటిలో మూడో వంతు. జబ్బు సంగతి వాళ్ల అమ్మానాన్నలకి చెప్పొద్దని మావారు అన్నారు. బాబు కోసం నేనే మానేశానని వాళ్లకి చెప్పారు. ఇప్పుడు నొప్పులు కాస్త అదుపులో ఉన్నాయి. పాత ఆఫీసు వాళ్లు మళ్లీ రమ్మంటున్నారు. వెళ్లాలా, ఉన్న పనిలోనే ఉండాలా? ఏడాది అయిపోవస్తోంది, నేనేం సాధించానో నాకే తెలియడం లేదు.

జవాబు: అమ్మా,

మీ ఉద్యోగం ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను. మీ డాక్టరు సరేనంటే, పొద్దున కాస్త ఆలస్యంగా మొదలుపెట్టే వెసులుబాటు వాళ్లిస్తే, వెళ్లండి. లేదంటే ఇప్పుడున్న పనిలోనే ఉండండి. ఏది చేసినా తప్పు లేదు, ఆరు నెలలు చూసి మార్చుకోవచ్చు కూడా. దీనికోసం ఇంత పొడుగు ఉత్తరం అక్కర్లేదు. మీరు రాసింది మాత్రం వేరే దాని గురించి.

ఉత్తరం మొత్తంలో ‘మావారు మంచివారే’ అని నాలుగు చోట్ల రాశారు. ఆయన చెడ్డవారని ఎవరూ అనలేదు కదమ్మా. మరి ఎవరికి సర్దిచెబుతున్నారు?

మీ అత్తమామలు వచ్చి ఉన్న పదిహేను రోజుల గురించి రాశారు. ఒక పొద్దున బాబు చొక్కాకి గుండీలు పెట్టబోతే వేళ్లు వంగలేదు. వాణ్ణి తండ్రి దగ్గరికి పంపారు. ‘ఇంట్లోనే ఉంటోంది కదా, ఆ మాత్రం చెయ్యలేదా’ అన్నారు మీ అత్తగారు. ఆయన గుండీలన్నీ పెట్టి, బాబు తల దువ్వి, బూట్లు తొడిగి స్కూలుకి దింపి వచ్చారు. అంతసేపూ నోరు విప్పలేదు.

అత్తగారి మాటకి నాకు కోపం రాలేదు. ఆవిడకి తెలియదు. ఈ జబ్బులో పొద్దున కీళ్లు గంటకి పైగానే బిగుసుకుపోయి, పొద్దెక్కేకొద్దీ సడలుతాయి. అందుకే మధ్యాహ్నం మిమ్మల్ని చూసినవాళ్లకి మీరు నిక్షేపంగా కనిపిస్తారు. పొద్దున ఆలస్యంగా లేచి, మధ్యాహ్నం మామూలుగా తిరిగే కోడల్ని చూస్తే, అసలు సంగతి తెలియని ఏ అత్తగారైనా బద్ధకం అనే అనుకుంటుంది. ఆ వేళ్లు ఎందుకు వంగలేదో ఆ గదిలో తెలిసిన మనిషి ఒక్కరే, ఆయన మాట్లాడలేదు. మిమ్మల్ని కుంగదీస్తున్నది ఆ మౌనం.

చెబితే అమ్మ బెంగపెట్టుకుంటుందని ఆయన అన్నారట. అది నిజమే అయ్యుండొచ్చు. కానీ అదే పేరాలో ఇంకో మాట కూడా రాశారు: ‘రోగం ఉన్న పిల్లని కట్టబెట్టారని మీవాళ్లని అంటారు’ అని ఆయన భయం. ఇదమ్మా అసలు కారణం. ఆయన దీన్ని పరువు సంగతిగా చూస్తున్నారు. పెళ్లినాటికి మీకు లేని జబ్బు, ఎవరూ ముందుగా కనిపెట్టలేని జబ్బు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల లోపలి పొర మీద తిరగబడటం వల్ల వచ్చింది. ఆడవాళ్లలో మగవాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ఇందులో మీ పుట్టింటివాళ్లు చేసిన మోసం ఏముంది? భార్యకి జబ్బు చేస్తే భర్త తలవంచుకోవాల్సింది ఏముంది? ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను. కష్టంలో పక్కన నిలబడటమంటే ఆసుపత్రి బిల్లు కట్టడం ఒక్కటే కాదు. నలుగురిలో ‘ఆమెకి ఒంట్లో బాగోలేదు’ అని గట్టిగా చెప్పగలగాలి.

ఇక మందుల సంగతి. బీరువాలో చీరల మధ్య, ఖాళీ పౌడరు డబ్బాలో మాత్రలు దాచానని, వాళ్లున్నప్పుడు రెండు వారాలు వేసుకోలేదని రాశారు. ఆ వాక్యం దగ్గర నాకు భయమేసింది. మీరు వాడుతున్న మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకునే మందు. అది పని చూపించడానికే ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మధ్యలో మానేస్తూ పోతే జబ్బు మళ్లీ పైకి లేస్తుంది. కీలు దగ్గర ఎముక ఒకసారి దెబ్బతిన్నాక దాన్ని వెనక్కి తేలేరు. అలాగని మానేసినవన్నీ కలిపి వేసుకోవడం, రోజూ వేసుకోవడం అసలు చెయ్యకండి. వారం మందుని పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. రెండు వారాలు మానేసిన సంగతి మీ డాక్టరుకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. లివర్‌కీ రక్తకణాలకీ చేసే పరీక్షలు ఈ గొడవలో వాయిదా పడి ఉంటే, అవీ చేయించుకోండి.

మీరు ఒక వాక్యంలో రాసి దాటేసిన విషయం ఇంకొకటి ఉంది. ‘బాబుకి తోడు ఎప్పుడు’ అని అత్తగారు అడిగితే మీవారు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారట. ఈ మందు వాడుతుండగా గర్భం రాకూడదమ్మా. గర్భస్రావం కావచ్చు, బిడ్డకి అవయవ లోపాలు రావచ్చు. అంటే ఆయన విననట్టు ఊరుకునే ప్రశ్న కాదది. రెండో బిడ్డ కావాలని మీకే ఉంటే, ఆ దారి మూసుకుపోలేదు. ముందే ఈ జబ్బు చూసే డాక్టరు, అంటే రుమటాలజిస్ట్‌తో మాట్లాడితే గర్భం సమయంలో వాడదగిన వేరే మందులకి మారుస్తారు. దానికి నెలల ముందు నుంచీ ఏర్పాటు కావాలి. వద్దనుకుంటే ‘వద్దనుకున్నాం’ అని చెప్పాల్సింది ఆయనే. ఆ ప్రశ్నకి మిమ్మల్ని ఒంటరిగా వదిలేస్తే, రేపో మాపో ఎవరి నోరో మూయించడానికి మీరే తలూపే రోజు వస్తుంది.

ఈ ఏడాది ఏం సాధించానని అడిగారు. నాలుగు నెలలు పట్టు వదలకుండా తిరిగి జబ్బు పేరు తెలుసుకున్నారు. వాచిన వేళ్లతోనే కొత్త పని వెతుక్కుని జీతం తెచ్చుకుంటున్నారు. ఈ రెండూ ఇంట్లో ఎవరికీ కనపడకుండా చేశారు కాబట్టే మీకూ కనపడటం లేదు. ‘బాబు కోసం మానేసింది’ అనే అబద్ధంలో మీరు పడ్డ కష్టానికి చోటే లేదు.

కాబట్టి ముందు మీవారితో మొదలుపెట్టండి. ఆయన ఇంతవరకు ఒక్కసారి కూడా డాక్టరు గదిలోకి రాలేదన్నారు. ఈసారి తీసుకెళ్లండి. కారు పార్కింగ్‌లో కూర్చోబెట్టకండి, డాక్టరు ఎదుటి కుర్చీలో కూర్చోబెట్టండి. మీ నోట విన్నప్పుడు ‘నొప్పులు’ అనిపించింది, ఎక్స్‌రే చూపించి డాక్టరు చెబితే వేరుగా వినపడుతుంది. ఇంటికొచ్చాక ఒక్కటే అడగండి: ‘మీ అమ్మగారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?’ మీ పుట్టింటికి కూడా చెప్పలేదు కదా, ఆ ఫోన్ మాత్రం ఈ రోజే చెయ్యండి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

కొడుకు నోటితో వినడమే ఆవిడకి మర్యాద. అత్తమామలు మళ్లీ వచ్చేలోపు చెప్పమని ఆయనకి గడువు పెట్టండి. చెప్పకపోతే మీరే చెప్పండి. ఏడవకుండా, క్షమాపణ అడగకుండా: ‘అత్తయ్యా, నాకు కీళ్ల జబ్బు వచ్చింది. వారానికోసారి మందు వేసుకోవాలి. పొద్దున పూట చేతులు పనిచెయ్యవు. ఈ మందు వాడినన్నాళ్లు పిల్లల మాట ఎత్తకండి.’ ఆవిడ తన మోకాళ్ల నొప్పులతో పోలుస్తారు, పెద్దవాళ్లందరూ అలాగే అంటారు. వయసుతో వచ్చే ఆ అరుగుదల వేరు, ఇది వేరని ఓపిగ్గా చెప్పండి. పది రోజులు ఏమైనా అనొచ్చు, అననివ్వండి. మీవారికి కోపం వస్తే రానివ్వండి. ఆ పౌడరు డబ్బాలోంచి మాత్రలు తీసి, బాబు చేతికి అందనంత ఎత్తులో, మీకు రోజూ కనపడే అల్మారాలో పెట్టుకోండి.