గ్రేడు వేరు, స్టేజి వేరు

ప్రశ్న: నా వయసు 48. రొమ్ములో గడ్డ గానీ నొప్పి గానీ లేవు. మామోగ్రామ్‌లో కాల్షియం చుక్కలు కనిపించాయని బయాప్సీ చేశారు. రిపోర్టులో ‘డక్టల్ కార్సినోమా ఇన్ సైటు, గ్రేడ్ 3, కామెడో నెక్రోసిస్ ఉంది, ఇన్వేజన్ కనిపించలేదు’ అని రాశారు. గ్రేడ్ 3 అంటే మూడో స్టేజి అని ఇంట్లో అందరూ ఏడుస్తున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజం కాదమ్మా. జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి. కణాల రూపం మామూలు కణాల రూపానికి ఎంత భిన్నంగా మారిందో చెప్పేది గ్రేడు. ఈ రిపోర్టును బట్టి మీది ప్రస్తుతానికి సున్నా స్టేజి. గ్రేడు అంకె పక్కన ‘ఇది స్టేజి కాదు’ అని స్లైడులు చూసి రిపోర్టు రాసే పాథాలజిస్టులమైన మేమే ఒక్క ముక్క రాసిపెడితే ఎన్ని ఇళ్లలో ఈ ఏడుపు తప్పేదో అని నాకు తరచూ అనిపిస్తుంది.

‘డక్టల్’ అంటే పాల నాళానికి సంబంధించినదని. ఆ నాళం గోడలో రెండు వరసల కణాలుంటాయి. లోపలి వరస పాలు వెళ్లే దారికి అస్తరులాంటిది. బయటి వరసలోని మయోఎపిథీలియల్ కణాలు ముడుచుకుని పాలను ముందుకు నెడతాయి. ఈ రెంటినీ చుట్టి బేస్‌మెంట్ మెంబ్రేన్ అనే పలుచని పొర ఉంటుంది. రక్తనాళాలు, లింఫ్ నాళాలు ఆ పొరకు అవతలే ఉంటాయి కాబట్టి, లోపలి కణాలు క్యాన్సర్ కణాలుగా మారి నాళమంతా నిండిపోయినా, పొర దాటనంత వరకు వాటికి ఒంట్లో మరోచోటికి పోయే దారి దొరకదు. ‘ఇన్ సైటు’ అంటే పుట్టినచోటే ఉన్నదని అర్థం. పొర దాటడాన్నే ‘ఇన్వేజన్’ అంటాం.

తక్కువ గ్రేడులో కణాలు ఒకే సైజులో ఉండి, మధ్యలో గుండ్రని ఖాళీలతో జల్లెడలా కనిపించడం సాధారణం. మీ స్లైడులో అలా ఉండదు. కేంద్రకాలు పెద్దవై, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉంటాయి. కణాలు కిక్కిరిసి పెరగడం, రక్తనాళాలేమో పొర బయటే ఉండిపోవడం వల్ల నాళం నడిమధ్య ఉన్నవాటికి ఆక్సిజన్ అందక అవి చచ్చిపోతాయి. కామెడో నెక్రోసిస్ అంటే ఇదే. నాళాన్ని కోసి నొక్కితే ఆ మృత పదార్థం మొటిమలోంచి వచ్చినట్టు ముద్దగా బయటికి వస్తుంది కనుక ఆ పేరు వచ్చింది. అందులో కాల్షియం పేరుకోవడం వల్లనే మామోగ్రామ్‌లో చుక్కలు కనిపించాయి. తినే తిండికి, వేసుకునే కాల్షియం మాత్రలకు దీనితో సంబంధం లేదు. పొర తెగిందేమోనని అనుమానం వస్తే మేము బయటి వరస కణాల కేంద్రకాలకు రంగు పట్టించే పి63 అనే పరీక్ష చేస్తాం. నాళం చుట్టూ గోధుమరంగు చుక్కలు వరసగా కనిపిస్తే బయటి వరస నిలిచి ఉన్నట్టే.

అయినా ఇవి క్యాన్సర్ కణాలే. ఇలాంటివి ప్రతిసారీ పొర దాటాలని లేదు. కానీ ఎక్కువ గ్రేడువి దాటే అవకాశం ఎక్కువ కాబట్టి వదిలేయకూడదు. పైగా సూదితో తీసినవి కొన్ని సన్నని ముక్కలే. ఆపరేషన్‌లో తీసిన భాగమంతా పరీక్షించాక కొందరిలో పొర దాటిన చోటు బయటపడుతుంది. అందువల్ల చివరి మాట ఆ రిపోర్టుదే. మార్పు కొద్ది మేరకే ఉంటే చుట్టూ 2 మిల్లీమీటర్ల మంచి కణజాలంతో సహా ఆ భాగం తీసి రేడియేషన్ ఇస్తారు. అదే రొమ్ములో జబ్బు తిరిగి వచ్చే అవకాశాన్ని రేడియేషన్ సుమారు సగానికి తగ్గిస్తుంది. విస్తారంగా ఉంటే రొమ్ము మొత్తం తీయవలసి రావచ్చు. పొర దాటలేదని తేలితే కీమోథెరపీ అవసరం ఉండదు.

ఈ కణాలకు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే గుణం ఉందో లేదో చెప్పే ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఫలితం రిపోర్టులో లేకపోతే అడగండి. ఆ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ లాంటి మాత్రలు పనికొస్తాయో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది. ఆసుపత్రి మారాలనుకుంటే రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్లైడులు, బయాప్సీ ముక్కలను భద్రపరచిన మైనపు బ్లాకులు కూడా తీసుకువెళ్లండి.