చేత్తో కుట్టిన బొమ్మల పుస్తకాలు పోస్టులో పంపుకోవాలంటే ఏ సైజు, ఏ అట్ట, ఏ పోస్టు?

మీరడిగింది ఇది: నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్‌లలో ఉండే 8 మంది మిత్రులు, ఒక్కొక్కరు చేత్తో చేసిన చిన్న పుస్తకాన్ని మిగతా ఏడుగురికీ పంపాలి. ఇలాంటి మార్పిడులు నడిపిన అనుభవంతో చెప్తున్నాను. కాగితం మొదటి మడత పెట్టేటప్పుడే ఇది పోస్టులో పోయే పుస్తకం అని గుర్తుండాలి. పాడయ్యేవి చాలావరకు తయారీలోనే పాడవుతాయి.

ఎవరికి వాళ్లు నేరుగా పంపుకుంటే 56 పార్శిళ్లు అవుతాయి. మీలో ఒకరి ఇంటికి చేర్చి అక్కడి నుంచి పంచితే 7 రావాలి, 7 పోవాలి, అంటే 14తో సరి. ఒక్కొక్కరు 9 కాపీలు చేయండి: ఏడుగురికి ఏడు, మీకొకటి, దారిలో ఏదైనా నలిగితే ఇవ్వడానికి ఇంకొకటి. తిరుగు పోస్టు డబ్బులు పుస్తకాలతో పాటే ఫోన్‌పే చేయమనండి.

సైజు ఏ6 పెట్టుకోండి (105 × 148 మి.మీ.). కారణం కాగితం నారలో, అంటే అందులోని పోగులు సాగే దిశలో ఉంది. బజార్లో దొరికే ఏ4 కాగితంలో నార చాలావరకు పొడుగు వైపే ఉంటుంది. దాన్ని రెండుగా కోసి, ఒక్కో ముక్కను మధ్యకు మడిస్తే మడత నార వెంట పడుతుంది, పుస్తకం మెత్తగా తెరుచుకుంటుంది. అదే ఏ4ను ఒక్కసారి మడిచి ఏ5 పుస్తకం చేస్తే మడత నారకు అడ్డంగా పడి, వీపు (పుస్తకం మడత వైపు) దగ్గర కాగితం చిట్లినట్టు అవుతుంది. అనుమానముంటే ఒక చదరపు ముక్క కోసి ఒక వైపు తడపండి. అది గొట్టంలా చుట్టుకుంటుంది, ఆ గొట్టం ఎటు పొడుగ్గా ఉంటే నార అటు.

100 జీఎస్ఎం (చదరపు మీటరుకు 100 గ్రాములు తూగే) ఏ4 కాగితాలు 4 తీసుకుంటే 32 పేజీలు, 25 గ్రాములు. గట్టి అట్ట కావాలని 1.5 మి.మీ. గ్రే బోర్డు (బైండింగుకు వాడే బూడిద రంగు మందపాటి అట్ట) వేస్తే రెండు అట్టలే దాదాపు 30 గ్రాములు తూగుతాయి, గుడ్డ, జిగురు కలిపి పుస్తకం 60 దాటుతుంది. ఏడు పుస్తకాలకు ప్యాకింగ్ కలిస్తే 500 గ్రాముల మీదికి పోయి ఛార్జీ మారుతుంది. 250 జీఎస్ఎం కార్డు అట్ట అయితే పుస్తకం 35 గ్రాములలోపే. నా మాట వింటే మెత్తటి అట్టే వేయండి.

మడిచిన ముక్కల్ని ఒకదానిలో ఒకటి దూర్చి, కుట్టుకు మడత మీద మూడు రంధ్రాలు చేస్తే చాలు: మధ్యలో ఒకటి, రెండు చివరల నుంచి 20 మి.మీ. లోపల చెరొకటి. 40 సెం.మీ. దారానికి మైనం రాయండి. లోపలి నుంచి మధ్య రంధ్రంలో బయటికి, పై రంధ్రంలో లోపలికి, మధ్యది వదిలేసి కింది రంధ్రంలో బయటికి, మళ్లీ మధ్యలో లోపలికి. రెండు కొసలూ ఆ పొడుగు దారానికి చెరో పక్కన ఉండేలా చూసి ముడేయండి. దారాన్ని వీపు వెంబడే లాగాలి. పైకి లాగారో, కాగితం రంధ్రం దగ్గరే చీరుతుంది.

పోచంపల్లి, నారాయణపేట చీరల ముక్కలు అట్టకు వేయాలని అందరికీ ఉంటుంది, వేయండి. ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి. 1 వంతు మైదా, 5 వంతుల నీళ్లతో కాచి చల్లార్చిన జిగురు బాగుంటుంది. పల్చబడితే గుడ్డ మీదికి ఊరి మరక కడుతుంది. పుట్టపాక తేలియా రుమాలు ముక్క మాత్రం అతికించొద్దు. ఆ నూలు నూనెలో నానింది, జిగురు పట్టదు, ఎదుటి పేజీకి మరక అంటుతుంది. దాన్ని కుట్టండి.

మే నెలలో ఫ్యాను కింద ఆరబెడితే జిగురున్న వైపు త్వరగా లాక్కుని అట్ట దోనెలా వంగుతుంది. తెల్లకాగితాల మధ్య బరువు కింద రెండు రోజులు ఉంచండి, మొదటి పూట కాగితాలు ఒకసారి మార్చండి. వార్తాపత్రిక వద్దు, సిరా దిగుతుంది. వానాకాలంలో తడి పూర్తిగా పోకుండా ప్లాస్టిక్ కవరులో మూస్తే వారంలో బూజు పడుతుంది.

ప్యాకింగులో ముందు దెబ్బతినేవి మూలలు. బటర్ పేపరులో చుట్టి, పుస్తకం కన్నా చుట్టూ 1 సెం.మీ. పెద్దవైన రెండు డబ్బా అట్ట ముక్కల మధ్య పెట్టండి. ఒకదాని గీతలు నిలువుగా, రెండోదానివి అడ్డంగా ఉంటే కట్ట వంగదు. చిరునామా బాల్‌పెన్నుతో రాయండి, జెల్ పెన్ను సిరా వానకు కారిపోతుంది. పిన్‌కోడ్, ఫోన్ నంబరుతో ఒక చీటీ లోపల కూడా వేయండి.

2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసింది, కాబట్టి స్పీడ్ పోస్టే చేయండి. బుక్ పోస్టు చౌక, కానీ కవరు తెరిచి చూసేలా ఉండాలి, లోపల ఉత్తరం పెట్టకూడదు. ఆ ఏడాది మేలో వచ్చిన జ్ఞాన్ పోస్టు (పుస్తకాలకు తపాలా శాఖ పెట్టిన చౌక సేవ) ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉన్న పుస్తకాలకు, మీవాటికి కాదు.

తంగేడు పూలు అతికించేవాళ్లుంటే, బరువు కింద పది రోజులు ఎండాకే అతికించమనండి. మీ ఎనిమిది మందే కాక విదేశాల్లో ఉన్న మిత్రులకూ పంపితే, ఆ కాపీలో పువ్వు, గింజ, మట్టి ఏవీ వద్దు. ఆస్ట్రేలియా లాంటి చోట్ల తనిఖీలో ఆపేస్తారు.