రిపోర్టులో 7 అంటే 7 మార్కులు కాదు

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, రాయమంటే అరపేజీ దాటడు. సైకాలజిస్టు విస్క్-4 అనే పిల్లల ఐక్యూ పరీక్ష చేశారు. వెర్బల్ (మాటలతో ఆలోచించడం) 106, పర్సెప్చువల్ (చూసి ఆలోచించడం) 104, వర్కింగ్ మెమరీ (విన్నదాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచడం) 83, ప్రాసెసింగ్ స్పీడ్ (పని చేసే వేగం) 78, మొత్తం ఐక్యూ 93. స్పీడ్ పక్కన ‘పర్సంటైల్ 7’ అని ఉంది. అందులోనే కోడింగ్ 4, సింబల్ సెర్చ్ 8. వందకు ఏడేనా? వాడు మందమతా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ మాట పక్కన పెట్టేయండి. ఈ రిపోర్టులో దానికి ఆధారం లేదు.

పర్సంటైల్ మార్కు కాదు, వరసలో స్థానం. అదే వయసు పిల్లల్ని వందమందిని స్కోరు ప్రకారం నిలబెడితే, సుమారు ఏడుగురు మీవాడి దగ్గరో వెనకో ఉంటారు. 78, 106 లాంటివి స్టాండర్డ్ స్కోర్లు. వీటికి సగటు 100. మూడింట రెండొంతుల మంది పిల్లలు 85–115 మధ్య ఉంటారు. సబ్‌టెస్టుల (కోడింగ్ లాంటి చిన్న పరీక్షల) లెక్క వేరు: 1 నుంచి 19 దాకా, సగటు 10. కాబట్టి సింబల్ సెర్చ్‌లో 8 అంటే పదికి ఎనిమిది కాదు, సగటు మేరలో కింది అంచు. టీచర్లు కూడా ఇక్కడ తరచూ పొరబడతారు.

ఇక ఐక్యూ 93. మీవాడి విషయంలో ఈ అంకెకు పెద్దగా విలువ లేదు. పైదానికీ కిందిదానికీ (106, 78) తేడా 28. ఈ తేడా 23 గానీ అంతకు మించి గానీ ఉంటే మొత్తం ఐక్యూని ఒకే అంకెగా చదవకపోవడం నిపుణులు పాటించే పద్ధతి. మే నెల ఎండనీ జనవరి చలినీ కలిపి సగటు తీసి, ఊళ్లో వాతావరణం ఏడాదంతా హాయిగా ఉంటుందన్నట్టే అవుతుంది. వెర్బల్, పర్సెప్చువల్ భాగాలతోనే కట్టే ‘జనరల్ ఎబిలిటీ ఇండెక్స్’ చెప్పమని సైకాలజిస్టుని అడగండి. అది 105 దరిదాపుల్లో రావాలి.

అసలు కబురు ఆ 4, 8ల్లో ఉంది. రెండూ రెండేసి నిమిషాల పరీక్షలే. కోడింగ్‌లో అంకెల కింద గుర్తులు గీయాలి. సింబల్ సెర్చ్‌లో గుర్తు ఉందో లేదో చూసి టిక్కు పెడితే చాలు. కన్ను ఫర్వాలేదు, చెయ్యి వెనకబడుతోందన్న అనుమానం ఇక్కడ వస్తుంది. అనుమానమే సుమా, ఈ ఒక్క తేడాతో డిస్‌గ్రాఫియా (రాతలో వచ్చే ఇబ్బంది) అని తేల్చకూడదు. పరీక్షలో పెన్సిల్ ఎలా పట్టుకున్నాడు, మాటిమాటికీ చెరిపాడా, వరస తప్పాడా అన్నది అడగండి. నోట్సులు తీసుకెళ్లి చూపించండి: చూసి రాసిందొకటి, డిక్టేషన్ ఒకటి, సొంతంగా రాసిందొకటి. చూసి రాసినదాంట్లో కూడా వత్తులు పక్క అక్షరం కిందకి జారిపోతుంటే ఆక్యుపేషనల్ థెరపిస్టుకి (రాత లాంటి చేతిపనుల్లో తర్ఫీదిచ్చే నిపుణులకి) చూపించాలి.

వర్కింగ్ మెమరీ 83 కాబట్టి ఒకేసారి మూడు పనులు చెప్పొద్దు. బోర్డు మీద చూసి ఎక్కించుకునే పని తగ్గించమని స్కూలుని అడగండి.

ప్రశ్న: ఏడాదిపాటు రెమెడియల్ (చదువులో వెనకబడిన పిల్లలకు విడిగా చెప్పే) క్లాసులకు పంపాం. చదవడంలో పాప స్టాండర్డ్ స్కోరు 84 నుంచి 80కి పడింది. నిరుడు 22 మాటలు సరిగా చదివింది, ఈసారి అదే పరీక్షలో 31 చదివింది. డబ్బు వృథా అయినట్టేనా?
– ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: 22 నుంచి 31కి వచ్చిందంటే నేర్చుకుంది. కానీ నిరుడు ఎనిమిదేళ్ల పిల్లలతో పోల్చారు, ఇప్పుడు తొమ్మిదేళ్ల వాళ్లతో. వాళ్లూ ఊరికే కూర్చోలేదు కదా! స్కోరు 84 దగ్గరే నిలిచినా తోటివాళ్లతో సమానంగా ముందుకు నడిచినట్టే లెక్క. పైగా ఏ పరీక్షకైనా కొలతలో తప్పు ఉంటుంది. నాలుగు పాయింట్ల తేడా సాధారణంగా అందులోనే కలిసిపోతుంది. రిపోర్టులో స్కోరు పక్కన ఇచ్చే హద్దుల్ని (అసలు స్కోరు ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చన్న అంకెల్ని) చూడండి. రెండేళ్ల హద్దులూ ఒకదానిమీదొకటి పడుతుంటే పడిపోయిందనలేం. అయితే వెనకబాటు తగ్గలేదన్నది మాత్రం నిజం.

క్లాసు పనిచేస్తోందో లేదో తెలియడానికి ఏడాదికోసారి పరీక్ష చాలదు. వారానికోసారి, పాప స్థాయికి తగిన కొత్త పేరా ఇచ్చి, సరిగ్గా ఒక్క నిమిషం చదివించండి. సరిగా చదివిన మాటలు లెక్కపెట్టి గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టండి. ఇప్పుడున్న చోటి నుంచి చేరాల్సిన లక్ష్యం దాకా ముందే ఒక గీత గీసుకోండి. ఆ గీత కిందే వరసగా నాలుగు చుక్కలు పడితే, పద్ధతి మార్చమని టీచరుని అడగొచ్చు. తప్పుల్ని విడిగా రాసుకోండి: గుణింతాల దగ్గరా, వత్తుల దగ్గరా, మాటను ఊహించేయడం వల్లా? పాఠం ఎక్కడ మార్చాలో ఆ కాగితమే చూపిస్తుంది.

ప్రశ్న: ప్రైవేటు క్లినిక్ ఇచ్చిన ఐక్యూ రిపోర్టుతో బోర్డు పరీక్షలో అదనపు సమయం ఇస్తారా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అది ఒక్కటే చాలదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం అభ్యసన వైకల్యాన్ని గుర్తించింది కానీ, దానికి చదవడం, రాయడం, లెక్కలు విడిగా పరీక్షించాలి. మన దగ్గర ఇందుకు నిమ్‌హాన్స్ బ్యాటరీ (బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ రూపొందించిన పరీక్షల సముదాయం) వాడతారు. సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ప్రభుత్వం నిర్దేశించిన వైద్య అధికారులదే. సీబీఎస్‌ఈలో గంటకు 20 నిమిషాల చొప్పున, 3 గంటల పేపరుకు గంట అదనం. పదో తరగతిలో కాదు, తొమ్మిదిలోనే కాగితాలు స్కూలుకి అందించండి.