ర్యాంకు చూసి 20 లక్షలు పెట్టొచ్చా, భీమవరం సీటు వదులుకోవచ్చా?

పాలకొల్లు దగ్గర పల్లెటూరి నుంచి ఒక అన్నయ్య గారు రాశారు. బాబుకి ఈఏపీసెట్ కన్వీనర్ కోటాలో భీమవరంలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి చేతిలోంచి పడేది బస్సు పాసు, పుస్తకాలు అంతే. ఈలోగా చెన్నై వైపు ఒక డీమ్డ్ యూనివర్సిటీలో సీఎస్ఈ (కంప్యూటర్స్) వచ్చింది, ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి 5 లక్షలు, కేంద్ర విద్యాశాఖ కాలేజీలకిచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు చాలా పైన ఉంది. ఇంట్లో రెండెకరాల సొంత వరి, కౌలుకి తీసుకున్న రొయ్యల చెరువు, బ్యాంకులో 6 లక్షల డిపాజిట్, అందులోంచి లక్ష అప్పుడే అడ్వాన్స్ కట్టేశారు. మిగతా 14 లక్షలకి లోన్ పెట్టాలా, అర ఎకరం అమ్మాలా అని అడుగుతున్నారు.

అన్నయ్య గారూ, రెండూ వద్దండి. బాబుని భీమవరంలో చేర్పించండి. ఎందుకో చెప్తాను, నా మాట మీద కాకుండా లెక్క చూసి మీరే తేల్చుకోండి.

ముందు ఆ ర్యాంకు సంగతి. ఎన్ఐఆర్ఎఫ్‌లో వందకి 30 మార్కులు టీచింగ్, వసతులకి, 30 రీసెర్చ్‌కి, 20 చదువు పూర్తి చేసినవాళ్ళ ఫలితాలకి, 10 అన్ని వర్గాల వాళ్ళకీ చోటిచ్చినందుకు, 10 పేరుప్రతిష్ఠలకి. అంటే ప్రొఫెసర్లు పేపర్లు ఎక్కువ రాస్తే ర్యాంకు పైకెళ్తుంది, మంచిదే, కానీ బీటెక్ చదివే మీ వాడికి దాంతో ఒరిగేది తక్కువ. మీకు కావాల్సింది అదే ఎన్ఐఆర్ఎఫ్ సైట్లో ఇంకో చోట ఉంది, ర్యాంకింగ్‌లో పాల్గొన్న చాలా కాలేజీలు ఇచ్చిన వివరాలు అక్కడ పెడతారు, ఎంతమంది చేరారు, టైముకి ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అని. మీడియన్ అంటే ఉద్యోగం వచ్చినవాళ్ళందర్నీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. హోర్డింగ్ మీద వేసే హయ్యెస్ట్ ప్యాకేజీ ఒక్కడిది. మీ తణుకు బావగారి అబ్బాయి అక్కడే చదివి అమెరికా వెళ్ళాడని రాశారు, సంతోషం, కానీ అదీ ఒక్కడి కథే. రెండు కాలేజీల మీడియన్ పక్కపక్కన రాసుకోండి, చేరినవాళ్ళలో ఉద్యోగం వచ్చినవాళ్ళు ఎందరో అది కూడా రాసుకోండి.

ఇప్పుడు లోన్. ఏడాదికి మూడున్నర లక్షల చొప్పున నాలుగేళ్ళు తీసుకుంటే 14 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువు నాలుగేళ్ళు, ఆపైన ఒక ఏడాది కట్టక్కర్లేదంటారు గానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే పడుతూ ఉంటుంది, బారువడ్డీ వేసుకున్నా 4 లక్షల 90 వేలు కలుస్తుంది. అప్పు 18 లక్షల 90 వేలు అయ్యాక పదేళ్ళకి ఈఎంఐ నెలకి దాదాపు 25 వేలు, మొత్తం కట్టేది దగ్గర దగ్గర 30 లక్షలు. పెద్ద సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం చాలా ఏళ్ళుగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే ఉంది, అది చేతికి వచ్చేసరికి నెలకి పాతిక వేలు, అంటే జీతం మొత్తం ఈఎంఐకే, మరి హైదరాబాద్‌లో గది అద్దె, తిండి ఎవరిస్తారు? మీరే పంపాలి. ఆరు లక్షల జీతం వచ్చినా సగానికి పైగా పోతుంది. నేను నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్పేది ఒకటే, పిల్లాడి మొదటి ఏడాది జీతం ఎంత రావచ్చో దానికి మించి చదువు అప్పు వద్దు అని.

పైగా 7.5 లక్షలు దాటితే మామూలు రూట్లో బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. పీఎం విద్యాలక్ష్మి అని 2024 నవంబర్‌లో ఓకే చేసిన స్కీమ్ ఉంది, దాని లిస్టులో ఉన్న కాలేజీలో మెరిట్ మీద సీటు వస్తే హామీ, షూరిటీ లేకుండా లోన్ ఇస్తారు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపైతే 10 లక్షల వరకు అప్పు మీద కట్టక్కర్లేని కాలంలో వడ్డీలో 3 శాతం రాయితీ కూడా. మేనేజ్‌మెంట్ కోటాకి కుదరదు. మంచి స్కీమే, కాదనను, కానీ తీసుకున్న అసలు మొత్తం ఎక్కడికీ పోదు కదండీ, ఈఎంఐ కాస్త తగ్గుతుందంతే.

రొయ్యల మీద ఆధారపడిన ఇల్లు కాబట్టి ఇంకో భయం కూడా ఉంది నాకు. వైట్ స్పాట్ వైరస్ వస్తే ఒక్క పంట మొత్తం పోతుంది, 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్యల కౌంట్ రేట్లు ఏమయ్యాయో మీకు నేను చెప్పక్కర్లేదు. రొయ్యలు పట్టి అమ్మితేనే డబ్బులొచ్చే ఇంట్లో నెలనెలా ఈఎంఐ పెట్టుకోకూడదు. ఆ రెండెకరాలే మీకు చెరువు పోయిన ఏడాది తిండి పెట్టేది, అర ఎకరం అమ్మితే తిరిగి కొనడం మన డెల్టాలో ఎంత కష్టమో మీకే తెలుసు.

ఇదే తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సీటు అయ్యుంటే, లోన్ పెట్టయినా వెళ్ళమనేవాణ్ణి. అక్కడ ట్యూషన్ ఏడాదికి 1.25 లక్షలు, ఇంటి ఆదాయం 5 లక్షల లోపైతే అందులో మూడో వంతే, లక్ష లోపైతే అసలు లేదు.

ఈసీఈ అని దిగులు పడుతున్నారు. సాఫ్ట్‌వేర్ సర్వీస్ కంపెనీలు చాలావరకు అన్ని బ్రాంచీల వాళ్ళనీ తీసుకుంటాయి, కోడింగ్ వచ్చా రాదా అనేదే చూస్తాయి, అది బాబు మొదటి ఏడాది నుంచే పట్టుకోవాలి. మీ డబ్బులోంచి లక్ష పక్కన పెట్టండి, రీయింబర్స్‌మెంట్ లేటయితే కాలేజీ వాళ్ళు ముందు మిమ్మల్నే కట్టమంటారు. కట్టిన అడ్వాన్స్ వెనక్కొస్తే దాంట్లోంచి ఒక మంచి ల్యాప్‌టాప్ కొనివ్వండి, మూడో ఏడాది సెలవుల్లో హైదరాబాద్‌లో ఇంటర్న్‌షిప్‌కి ఉండే ఖర్చు పెట్టండి. మిగిలిన 4 లక్షలు 7 శాతానికి నాలుగేళ్ళు వదిలేస్తే 5 లక్షల పాతిక వేలు దాకా అవుతాయి. పెద్ద పేరున్న కాలేజీ కావాలంటే అప్పుడు గేట్ రాసి ఐఐటీలోనో ఎన్ఐటీలోనో ఎంటెక్ చేయొచ్చు, అక్కడ నెలకి 12,400 స్టైపెండ్ వాళ్ళే ఇస్తారు.

ఇక కట్టేసిన లక్ష గురించి. అది పోతుందని భయపడి ఇంకో 19 లక్షలు పెట్టకండి దయచేసి. సీటు వదులుకుంటే ఫీజు వెనక్కివ్వడానికి యూజీసీ రూల్స్ ఉన్నాయి, ఎంత తొందరగా చెప్తే అంత ఎక్కువ వస్తుంది, ఆలస్యం చేస్తే తగ్గిపోతుంది. ఫోన్లో చెప్పి ఊరుకోకండి, బాబు పేరు మీద ఇవాళే మెయిల్ పెట్టండి, రసీదు, అప్లికేషన్ నంబర్, బ్యాంక్ అకౌంట్ వివరాలు జత చేసి, వాళ్ళ దగ్గర్నుంచి వచ్చే జవాబు దాచుకోండి. భీమవరంలో రిపోర్టింగ్ గడువు కూడా ఇవాళే చూసుకోండి.